మడత పొడుగునా మధ్యే

మార్చి 3, సోమవారం

అత్తయ్యను ఆస్పత్రి నుంచి తీసుకొచ్చాం. తుంటి ఎముకలో ఇనప కడ్డీ వేశారు. మేడమీద తన గదికి ఎక్కలేరు కనక కింద హాల్లో మంచం వేయాల్సి వచ్చింది. హాలు ఇద్దరన్నదమ్ములకూ ఉమ్మడి. ఎడమ గోడకు మా గుమ్మం, వెనక గోడకు కుడిచివర బావగారి గుమ్మం. వీధి వైపు గోడకు నడిమధ్యన పెద్ద కిటికీ.

మంచం తిన్నగా తెచ్చి మా గుమ్మం పక్కన వేయించారు బావగారు. "ప్రస్తుతానికమ్మా" అన్నారు నాతో. ఈ ఇంట్లో ప్రస్తుతానికి అన్నమాట ఆయుష్షు నాకు తెలుసు. ఆయన ఇళ్ళ నక్షాలు గీసుకునే బల్ల కూడా ప్రస్తుతానికే అని కిటికీ కింద వేశారు. పదకొండేళ్ళయింది.

ఈ పుస్తకంలో వెనక పేజీలు అత్తయ్యకు కేటాయించాను. మందులు, నీళ్ళు, పిలిస్తే నేను వెళ్ళానో మా తోటికోడలు వెళ్ళిందో ఆ పిలుపులు. రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగించి తీరాలన్నాడు డాక్టరు. ఎనిమిది గ్లాసులు పట్టే జగ్గు పొద్దున నింపి పెడతాను, రాత్రి ఎంత మిగిలిందో చూస్తాను. పిలవడానికి అత్తయ్యకు గంట అక్కర్లేదు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి, కత్తెర పక్కలో లేనిదే పడుకోరు. దాని పిడితో మంచం ఇనప పట్టీ మీద ఒక్కటి కొడతారు. టంగ్‌మంటుంది.

పిలుపులు: నేను 5, అక్క 1. నీళ్ళు: 8 గ్లాసులు.

మార్చి 5, బుధవారం

పిలుపులు: నేను 8, అక్క 1. నీళ్ళు: 8.

ఆ ఒక్కటి కూడా మా తోటికోడలు తన ఫోన్ ఛార్జరు కోసం హాల్లోకి వచ్చి దొరికిపోయింది కనక. అక్క అని పిలుస్తాను కానీ నాకంటే రెండేళ్ళే పెద్ద. రెండింటి దాకా మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడుతుంది. ఉద్యోగం ఉంటే ఉండొచ్చు. రెండు తర్వాత కూడా రోజు మిగిలే ఉంటుంది.

మార్చి 8, శనివారం

ఆరు రోజుల మొత్తం వేశాను. నేను 41, అక్క 9. రెండుసార్లు కూడి చూశాను.

మా ఆయనకు చూపించాను. "పోనీలెద్దూ" అన్నారు. ఈయన పోనిచ్చినవన్నీ ఎక్కడికి పోతాయో ఒక్కసారైనా ఆలోచించారా. తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాయి.

మార్చి 9, ఆదివారం

చదివేశాను.

అందరూ తిని హాల్లో కూర్చున్నారు. పుస్తకం తెచ్చి, "ఆరు రోజుల్లో అత్తయ్య యాభైసార్లు పిలిచారు. నలభై ఒక్కసార్లు నేను వెళ్ళాను. తొమ్మిదిసార్లు అక్క" అన్నాను. బెడ్‌పాన్ పెట్టినవి ఎన్ని, పక్కకు తిప్పినవి ఎన్ని, ఊరికే పిలిచినవి ఎన్ని, అవీ చదివాను. ఉన్నదున్నట్టు చెప్పటానికి భయం దేనికి.

"ఇంట్లో లేని మనిషి ఎలా వస్తుందే?" అంది అక్క.

"ఉన్నప్పుడో?"

"ఉన్నప్పుడా? మంచం నీ గుమ్మంలో ఉంది. నేను మోకాలు పట్టుకుని లేచేలోపు నువ్వు వెళ్ళటం, రావటం, రాసుకోవటం కూడా అయిపోతాయి."

అత్తయ్య అప్పటికి కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారు.

బావగారు లేచి వెళ్ళి టేపు తెచ్చారు. "ఇద్దరికీ సమానంగా ఉండాలి, అంతే కదమ్మా గొడవ" అంటూ మా గుమ్మం నడుమ నుంచి వాళ్ళ గుమ్మం నడుమకు పట్టారు. పదహారు అడుగుల మూడు అంగుళాలు. సగం ఎనిమిది అడుగుల ఒకటిన్నర అంగుళం. అక్కడ సుద్దముక్కతో నేలమీద ఇంటూ గుర్తు పెట్టారు. "ఇదే మధ్యబిందువు. తలగడ ఇక్కడికి రావాలి."

మంచం జరుపుతుంటే అత్తయ్యకు మెలకువ వచ్చినట్టుంది. "నా తల ఇద్దరికీ సగం సగం వచ్చింది బాగానే ఉంది. కాళ్ళెవరి వాటారా?" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. కొలత కొలతే. న్యాయం జరగాలని అడిగాను, జరిగింది.

పిలుపులు: నేను 3, అక్క 2. నీళ్ళు: 6.

మార్చి 10, సోమవారం

ఈ మధ్యబిందువు ఎక్కడ పడిందో పగటి వెలుతురులో చూస్తే తెలిసింది. వెనక గోడకు అడుగున్నర దూరంలో, రెండు గుమ్మాల మధ్య మనుషులు నడిచే దారిలో పడింది. కిటికీకి వీపు తిప్పుకుని ఉన్న చోటు. అత్తయ్య కళ్ళకెదురుగా స్విచ్ బోర్డు తప్ప ఇంకేం లేదు. పొద్దుట్నుంచీ మంచం కోడు మా ఆయన కాలికి రెండుసార్లు, బావగారి కాలికి ఒకసారి తగిలింది. తగిలిన ప్రతిసారీ మంచంలో మనిషి ఉలిక్కిపడుతున్నారు.

"కిటికీ వైపు వెయ్యరా. వీధిలో నలుగురు కనపడతారు" అన్నారు అత్తయ్య, బావగారితో.

"అది మధ్య కాదమ్మా" అన్నారు ఆయన, బల్ల దగ్గర నుంచి తల ఎత్తకుండా.

ఆ బల్ల ఎక్కడుందో వేరే రాయనక్కర్లేదు.

పిలుపులు: నేను 3, అక్క 2. నీళ్ళు: 5.

మార్చి 11, మంగళవారం

పిలుపులు: నేను 2, అక్క 2. నీళ్ళు: 4.

సమానం. రాసి పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. పిలుపులు కూడా సగానికి సగం తగ్గాయి. కొలిచి పెడితే అన్నీ దారికొస్తాయి. నేను చదివినందుకు మూడు రోజులుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నవాళ్ళు ఇది కూడా చూడాలి.

మార్చి 13, గురువారం

పిలుపులు: నేను 2, అక్క 1. నీళ్ళు: 3.

నర్సు నేర్పిన కాలి వ్యాయామం చేయనన్నారు అత్తయ్య. "నడిచి ఎక్కడికి వెళ్ళాలి, స్విచ్ బోర్డు దాకానా?" అన్నారు. లేచి కూర్చోబెట్టబోతే గోడవైపు తిరిగారు.

నొప్పి ఎక్కువై ఉంటుంది.

మార్చి 14, శుక్రవారం

పిలుపులు: నేను 1, అక్క 1. నీళ్ళు: 2.

మార్చి 15, శనివారం

కట్టు మార్చే నర్సు వచ్చింది. అత్తయ్య చేతిమీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. అది మడత పడి అలాగే నిలబడింది. నాలుక చూసింది. వాకిట్లోకి వచ్చాక నన్ను పట్టుకుంది.

"నీళ్ళు తాగట్లేదామ్మా ఆవిడ?"

"రోజూ జగ్గు నింపి పెడుతున్నానండీ."

"నింపితే సరా? ఇలా రెండు రోజులు సాగితే మళ్ళీ ఆస్పత్రే. ఈ వయసులో, ఈ నీరసంతో మంచం పడితే ఇంక లేవరు. ముందే చెప్తున్నా."

లోపలికి వచ్చి పుస్తకం తెరిచాను. ఎనిమిది, ఎనిమిది, ఆరు, అయిదు, నాలుగు, మూడు, రెండు. నా చేత్తోనే రాశాను. గుండ్రంగా, వరసగా, కొట్టివేతలు లేకుండా. పక్క వరసలో పిలుపులు. రెండు వరసలూ ఒకే తేదీ నుంచి దిగటం మొదలుపెట్టాయి. ఆ తేదీ ఏదో చూశాను.

జగ్గు తీసుకుని వెళ్ళాను.

"ఎందుకు తాగట్లేదత్తయ్యా?"

"దాహం వెయ్యట్లేదమ్మాయ్."

"అబద్ధం."

"నీళ్ళు తాగితే పిలవాలి. పిలిస్తే నువ్వు రాస్తావు. రాస్తే మళ్ళీ చదువుతావు."

"ఆ రోజు మీరు నిద్రపోతున్నారు కదా."

"కళ్ళు మూసుకున్నాను. చెవులకు రెప్పలు లేవు కదమ్మాయ్."

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని ఇంటూ గుర్తు మీద పడుకోబెట్టిన ఈ ఇంటి మీద, టేపు మీద, సుద్దముక్క మీద, పోనీలెద్దూ అనే మనిషి మీద, కిటికీ కింద ఠీవిగా కూర్చున్న ఆ బల్ల మీద. ఇంకొకరి మీద కూడా. ఆ పేరు రాయను.

పక్కన కూర్చుని గ్లాసున్నర తాగించాను. నేను తాగించిన దాన్ని ఏ వరసలో రాయాలో తెలియలేదు.

మార్చి 16, ఆదివారం

ఈ రోజుది వివరంగా రాసుకోవాలి.

పొద్దున్నే మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "మిమ్మల్ని కిటికీ దగ్గర వేయిస్తాను" అన్నాను.

"అక్కడ వేస్తే మధ్య కాదట కదా."

"కాకపోతే కాకపోనీ."

"అలా అనకు. నువ్వు ఒప్పుకున్నా పెద్దది ఒప్పుకోవాలి. పెద్దది ఒప్పుకున్నా వాడు టేపు తెస్తాడు." ఆగి అడిగారు. "హాలు కొలతలున్నాయా నీ పుస్తకంలో?"

ఉండకుండా ఎలా ఉంటాయి. చాప కొన్నప్పుడు కొలిచాను. పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పన్నెండు.

"కాయితం మీద హాలు కత్తిరించు. అడుగుకు అంగుళం."

వార్తాపత్రిక మీద ఇరవై అంగుళాలు, పన్నెండు అంగుళాలు గీసి కత్తిరించాను. ఎడమ అంచున మా గుమ్మం దగ్గర ఒక చుక్క, వెనక అంచున అక్కావాళ్ళ గుమ్మం దగ్గర ఒక చుక్క. కిటికీ ఉన్న చోట గీత. చుక్కలు టేపు పెట్టి సరిచూసుకునే పెట్టాను.

"ఇప్పుడు మడిచెయ్యి."

"సగానికా?"

"హాలును కాదు. హాలు సగంతో మనకేం పని. చుక్క మీద చుక్క పడేట్టు మడువు. రెండు గుమ్మాలూ ఒకదాని మీద ఒకటి రావాలి."

కాయితం వంకరగా మడత పడుతోంది, అంచులు కలవటం లేదు. నా చెయ్యి ఆగిపోయింది. దుప్పటి మడిచినా అంచులు కలిస్తేనే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

"అంచుల సంగతి వదిలెయ్. చుక్కల్ని చూడు" అన్నారు. తలగడ కింద నుంచి సూది తీసి ఇచ్చారు. సూది రెండు చుక్కల్లోంచీ దిగేదాకా కాయితం జరిపి, అప్పుడు కత్తెర పిడితో మడత నొక్కాను.

విప్పాను.

మడత వెనక గోడ దగ్గర మొదలైంది. బావగారి ఇంటూ గుర్తు ఉండాల్సిన చోటు మీదుగా వెళ్ళి, హాలుకు అడ్డంగా కొంచెం కుడికి వాలి, నేను గీసిన కిటికీ గీతను నడిమధ్యన కోసింది.

"ఈ మడత మీద ఎక్కడ వేలు పెట్టినా రెండు గుమ్మాలకూ ఒకటే దూరం" అన్నారు అత్తయ్య. "ఎందుకో చెప్పు."

కాయితం ఆవిడకే అందించాను. మళ్ళీ మడిచి, మడత మీద నా వేలు పెట్టి, అక్కడి నుంచి చుక్క దాకా దారం పట్టి చూపించారు. కాయితం మడిచి ఉంది. పైపొరలో చుక్కకు ఎంత దారమో కింది పొరలో చుక్కకూ అంతే. రెండు చుక్కలూ ఒకటే చోట ఉంటే రెండు దూరాలు ఎలా ఉంటాయి. వేలు కిటికీ దాకా జరిపాను. దారం పొడవైంది, కానీ ఇద్దరికీ ఒకటే.

"వాడు చూపించిన చోటు మధ్యే. కాదనను. కానీ మడత పొడుగునా మధ్యే అమ్మాయ్. వాడు చూపించింది అందులో దగ్గరి చోటు, అంతే."

"ఇది మొదటి రోజే చెప్పొచ్చు కదత్తయ్యా?"

"కొలిచేది నన్ను. కొలిచేవాళ్ళకు బట్ట సలహా ఇస్తుందా?"

కాయితం పట్టుకుని లేచాను. అప్పటికి అందరూ హాల్లోకి వచ్చారు. బావగారు బల్ల దగ్గర కూర్చుని పెన్సిలు చెక్కుకుంటున్నారు. ఆయన నక్షా మీద నా నక్షా పరిచి, మడత ఆయనకు చూపించాను.

"ఊఁ" అన్నారు. "లంబసమద్విఖండన రేఖ అంటారమ్మా దీన్ని."

"అంటే మీకు తెలుసా?"

"తెలియకపోవటమేమిటి? రోజూ గీసేదేగా."

"మరి ఆ రోజు చెప్పలేదే?"

"మధ్య ఎక్కడ అన్నారు, మధ్యబిందువు చూపించాను. ఈ రేఖ సంగతి ఎవరూ అడగలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకోవటం మొదలుపెట్టారు. తుడవటానికి దానిమీద ఏమీ లేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈయన అడిగిన అమ్మకే పెట్టలేదు. ఆ మాట పైకే అన్నాను. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు, బావగారికి ఎదురు చెప్పటం ఇదే మొదటిసారి. తారీఖు పైన ఉంది.

మంచంలోంచి అత్తయ్య, "అంత పొడుగు పేరు పెట్టుకుని అది నీ బల్ల కింద దాక్కుందట్రా?" అన్నారు.

అక్క ఫక్కుమంది. మా ఆయన కూడా. బావగారు మాత్రం లెక్కలోకి దిగారు. "దూరం పెరుగుతుందమ్మా. ఇప్పుడు ఎనిమిదడుగులు. అక్కడైతే దగ్గర దగ్గర పన్నెండు. పిలిచినప్పుడల్లా ఎవరు నడుస్తారు?"

నేను నోరు తెరిచేలోపే అక్క అంది: "పెరగనివ్వండి. ఇద్దరికీ పెరుగుతుందిగా. పొద్దుట్నుంచీ కౌంటరు దగ్గర నిలబడే కాళ్ళు, నాలుగడుగులకు అరిగిపోతాయా?" తర్వాత నా వైపు తిరిగి, "రాసుకో. పన్నెండడుగులని రాసుకో" అంది.

నాకు తగలాల్సిందే. తగిలింది.

"టేపు వద్దు" అన్నారు అత్తయ్య. దారపు ఉండలోంచి పొడుగ్గా దారం తీయించి, రెండు కొసలూ కలిపి, సగం దగ్గర ముడి వేయించారు. ఒక కొస మా గుమ్మంలో నేను పట్టుకున్నాను. ఇంకో కొస తన గుమ్మంలో అక్క. మా ఆయన ముడి పట్టుకుని కిటికీ వైపు నడిచారు. రెండు దారాలూ ఒకేసారి బిగిసే చోటు దొరికేదాకా ఆయన్ని అటూ ఇటూ జరిపాం. ముడి సరిగ్గా బావగారి కుర్చీ వీపుకు తగిలింది.

బావగారు బల్లమీద కాయితాలు ఒక్కొక్కటీ చుట్టటం మొదలుపెట్టారు.

బల్ల తీసి అక్కడ మంచం వేశాక ఆయనే టేపు పట్టి చూసుకున్నారు. అటు పదకొండు అడుగుల పదిన్నర అంగుళాలు. ఇటు పదకొండు అడుగుల పదిన్నర అంగుళాలు.

నీళ్ళు: 5.

మార్చి 17, సోమవారం

బల్ల ఇప్పుడు స్విచ్ బోర్డు కింద ఉంది. దాని కోడు బావగారి కాలికే తగిలింది. రెండుసార్లు.

నీళ్ళు: 6.

మార్చి 18, మంగళవారం

అత్తయ్య కిటికీలోంచి చూసి వార్తలు చెప్తున్నారు. ఎదురింటాయన చొక్కా భుజం కుట్టు వదిలిందట. స్కూలు పిల్లలు పోతుంటే యూనిఫాంలు ఎవరు కుట్టారో గాని కాలర్లు ఒక్కటీ తిన్నగా లేవట. "మూలను అంచు మీద అంచు పడేట్టు మడిస్తే ఆ మడత రెండు అంచులకూ మధ్యన పోతుంది. కాలరు మొన అక్కడ తీయాలి. కళ్ళతో చూసి కోస్తే ఇలాగే ఏడుస్తుంది" అని నా చేతిరుమాలు మడిచి చూపించారు. అలా చూపించటానికి లేచి కూర్చున్నారు. కూర్చున్న సంగతి ఆవిడకు గుర్తు లేదు. నేను గుర్తు చేయలేదు.

నర్సు చేతిమీద చర్మం పట్టి వదిలింది. ఈసారి మడత నిలబడలేదు.

పిలుపులు: రాయలేదు. ఎక్కువే. నీళ్ళు: 7.

మార్చి 20, గురువారం

మూడున్నరకు గిన్నెలు తోముతుంటే టంగ్‌మంది. తడి చేతులతోనే వెళ్ళాను. అక్క షాపు నుంచి వచ్చి ఇంకా బ్యాగు కూడా దించలేదు, తన గుమ్మంలోంచి బయలుదేరింది. ఇద్దరం మంచం దగ్గరికి చేరేసరికి భుజాలు గుద్దుకున్నాం.

"ఏం కావాలత్తయ్యా?" ఇద్దరం ఒకేసారి.

"ఏమీ అక్కర్లేదు. కొలత సరిచూశాను." మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "సరిగ్గానే ఉంది. వచ్చారు కనక ఒకరు ఈ సూదిలో దారం ఎక్కించండి. తలగడ గలీబు చిరిగింది."

నేను ప్రయత్నించాను. ఎక్కలేదు. "ఇలా తే, నీ కళ్ళు లెక్కలకే పనికొస్తాయి" అని అక్క తీసుకుంది. దారం కొస తడిపి, నలిపి, కిటికీకి ఎత్తిపట్టి, మూడుసార్లు గురి చూసింది. తనకూ ఎక్కలేదు.

అత్తయ్య రెండూ లాక్కుని, కిటికీ వెలుతురుకు పట్టి, ఒక్క పోటుతో ఎక్కించేశారు.

ఇప్పుడే పుస్తకం తెరిచాను. పిలుపుల పేజీలో రెండు వరసలు, నాదీ అక్కదీ. ఈ రోజు పిలుపు ఎవరి వరసలో వేయాలో ఎంత చూసినా తేలలేదు. పేజీని నా వరస అక్క వరస మీద పడేట్టు మడిచాను. కింద అంచులు కలవలేదు. కలవకపోతే మానె. మడత మీద గోటితో గట్టిగా నొక్కాను.

నీళ్ళు: 8 గ్లాసులు.